ఉండీ లేని గాయకుడు

సర్మద్‌ను చంపాలన్న తీర్మానం నా సెలూన్‌లోనే జరిగింది. చేసింది నవార్ అనే బక్కపిల్ల. నా కుర్చీలో కూర్చుని, నా గ్లాసులో నా నిమ్మ టీ తాగుతూ, "పిన్నీ, వీడు చావాల్సిందే. ఇంక వేరే దారి లేదు," అంది.

సర్మద్ మా అన్నయ్య కొడుకు. తన చావు కబురు విని వాడు పకపకా నవ్వాడు.

"చూశారా!" అంటూ నవార్ వాడి మీదికి నా దువ్వెన విసిరింది. "చస్తావురా అంటే ఇకిలిస్తాడు. వీణ్ణి పెట్టుకుని నేను విషాదం ఎలా తియ్యాలి?"

బస్రాలో ఆడవాళ్ల సెలూన్ నడపడం తేలిక కాదు. పెళ్లికూతురినీ, దాని కాబోయే అత్తనూ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, గొడవ లేకుండా ఇంటికి పంపినదాన్ని నేను. అలాంటి నాకే ఈ పిల్లలతో తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్ల కాలేజీలో చివరి ఏడాది పని ఒకటి ఉంది. ఒక్కో జట్టు ఒక కొత్త గాయకుణ్ణి పుట్టించాలి. అతనికో పేరు పెట్టాలి, వేషం కట్టాలి, ఒక కథ అల్లాలి, చివరికి పాట వీడియో తీసి చూపించాలి. నవార్ దర్శకురాలు. హైతమ్ కెమెరా. పాట సర్మద్‌ది, గొంతు వాడిదే, మొహమూ వాడిదే. వేషం నాది. నన్నెవరూ అడగలేదు, మధ్యాహ్నం పూట ఆడవాళ్లు రారు కదా అని గది వాడుకుంటూ నన్నూ వాడుకున్నారు.

వాళ్ల ప్రొఫెసర్ ఇస్మత్ గారు పాఠంలో ఒక మాట చెప్పారట. "తార అనేవాడు ఉండీ లేనట్టుండాలి. పక్కింటి అబ్బాయిలా కనపడాలి, అయినా చేతికి అందకూడదు." ఈ మాట నవార్ బుర్రలో ముల్లులా దిగింది. ఉండీ లేకుండా ఎలా ఉంటారని పిచ్చిదానిలా ఆలోచించింది. వీపు మాత్రమే చూపిద్దామనుకుంది. ముసుగు వేద్దామనుకుంది. పొగ పెడితే హైతమ్‌కు దగ్గు పట్టుకుంది. ఆఖరికి ఆ మధ్యాహ్నం దారి దొరికింది.

"చచ్చినవాడే పిన్నీ! గోడ మీద ఫోటో ఉంటుంది, పాట వినపడుతుంది, మనిషి ఉండడు. ఉండీ లేనట్టు! ప్రొఫెసర్‌కి కళ్లు తిరగాలి."

"నాకు తిరుగుతున్నాయి," అన్నాను.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, సర్మద్‌కు ఇది ఆట కాదు. మా అన్నయ్య హాజీ శాకిర్‌కు పేటలో జనరేటర్ ఉంది. సర్కారు కరెంటు పోయిందంటే రెండు వీధులకు దీపమూ, చల్లగాలీ ఆయన చలవే. ఆయన్ను శాకిర్ అని పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మిగతా అందరికీ ఆయన అబూ సర్మద్, అంటే సర్మద్ తండ్రి. మా వైపు మగవాడికి పెద్దకొడుకు పేరే పేరు. అదే వచ్చింది తంటా. వాడు పదహారేళ్ల వయసులో ఎవరిదో పెళ్లిలో పాడాడని తెలిసి మా అన్నయ్య, "ఒరేయ్, నన్ను పిలిచేది నీ పేరుతో. పెళ్లిళ్లలో పాడుకునేవాడి తండ్రిగా నేను బజార్లో నడవను. కెమెరా నేర్చుకుంటావో, గాడిదలు కాస్తావో నీ ఇష్టం. ఇంకోసారి పాట వినపడిందంటే చదువు మాన్పించి జనరేటర్ దగ్గర కూర్చోబెడతా," అన్నాడు. అన్నాడే తప్ప వాడు ఎలా పాడాడని అడగలేదు. ఒక్క ముక్క వినలేదు.

అప్పటినుంచీ వాడు నా సెలూన్ వెనక గదిలో, గోరింట సంచుల మధ్య కూర్చుని పాడేవాడు. పరదాకు ఇవతల జుట్టు ఆరబెట్టే యంత్రం కింద కూర్చున్న ఆడవాళ్లు, ఆ గొంతు వినపడగానే తడి తల బయటికి తీసేవాళ్లు. ఆ జుట్లన్నీ సగం ఆరి, సగం ఆరక చెడిపోయేవి, అయినా ఒక్కరూ నన్ను తిట్టలేదు. నా మేనల్లుడని చెప్పడం లేదు. ఆ గొంతు వింటే నాకు పోయినవాళ్లంతా గుర్తొస్తారు, ఉన్నవాళ్లంతా ముద్దొస్తారు.

"అత్తా, ఈ వీడియో బాగా వస్తే తీసుకెళ్లి నాన్న ముందు పెడతా," అన్నాడు వాడు నాతో. "విననీ. విన్నాక కూడా వద్దంటే ఇంక జన్మలో పాడను. ఒట్టు."

ఆ ఒట్టు విని నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే వీడు ఒట్టు తప్పడు, ఆయన మాట తప్పడు. ఇద్దరూ ఒకే మూసలో పోసిన మొండిఘటాలు.

అందుకని వీడియో పూర్తయ్యేదాకా అన్నయ్యకు తెలియకూడదు. తెలియకూడదంటే గాయకుడికి వేరే పేరు ఉండాలి. ఆ పేరు కోసం నా సెలూన్‌లో జరిగినంత రభస పార్లమెంటులో కూడా జరిగి ఉండదు. హైతమ్ "సుల్తాన్" అన్నాడు. అది టైర్ల కొట్టు పేరులా ఉందంది నవార్. "కమర్" అంటే చంద్రుడు కదా అన్నాను నేను. "వీడి మొహం చూసి పెట్టారా? పౌర్ణమే!" అని హైతమ్ పడిపడి నవ్వాడు. చివరికి నవార్ "గరీబ్" అని తేల్చింది. అరబ్బీలో పరాయివాడని అర్థం, ఊరూ వాడా లేనివాడు, ఎక్కణ్ణుంచో వచ్చి ఎక్కడికో పోయినవాడు. పేరు బాగుంది. మనిషే సరిపోలేదు.

"ఊరూ వాడా లేనివాడికి ఈ బుగ్గలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అంది నవార్, వాడి చెంప గిల్లి. "దిక్కులేనివాడిలా లేడు, పొద్దున్నే మీగడా ఖర్జూరపు పానకమూ తిని వచ్చినవాడిలా ఉన్నాడు."

"అదే తిన్నా," అన్నాడు సర్మద్.

వాణ్ణి నాసిరియా ఊరికి కాలేజీ వాళ్లతో షూటింగుకు పంపుతున్నామని అన్నయ్యకు చెప్పి, తెచ్చి నా ఇంట్లో పెట్టారు. వీడు సన్నబడేదాకా కీర దోసకాయ, పెరుగు తప్ప ఏమీ పెట్టకూడదని నాకు ఆజ్ఞ. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి వాడికి నోట్లో ముద్ద పెట్టిన చేతులివి. ఈ చేతులతో దోసకాయ పెట్టమంటే పెడతాయా? తలుపేసి, వేడి రొట్టెలో మీగడ పెట్టి ఇచ్చాను. మధ్యాహ్నం నవార్ వచ్చి వాడి మీసంలో నువ్వుగింజ పట్టుకుంది.

"పిన్నీ, మీరు కళకు శత్రువు!"

"పోవే, కళకు ఆకలేస్తే నా వంటింటికే వస్తుంది."

ఇక విషాదం. తారకు ఒక గాయం ఉండాలట. లోపల ఏదో మండుతున్నట్టు చూపు ఉండాలట. నవార్ వాణ్ణి అద్దం ముందు కూర్చోబెట్టి, "నీ జీవితంలో పెద్ద దుఃఖం ఏంటో తలుచుకో," అంది. వాడు చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. కళ్లు తెరిచి, "హైతమ్ గాడు నా కొత్త చెప్పులు మసీదు దగ్గర పోగొట్టాడు," అన్నాడు. ఇక లాభం లేదని నేను దారం తీసుకుని వాడి కనుబొమ్మలు పీకడం మొదలుపెట్టాను. రెండు లాగులకే కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "అదీ! అదీ! అలాగే ఉండు!" అని నవార్ గంతులేసింది. గరీబ్‌ను గోడకెక్కించిన ఫోటో అది. అంత విషాదం వెనక ఉన్నది నా దారం ముక్కే.

వీడియోలో ఏది ముందు, ఏది వెనక అని నవార్ కాగితాల మీద బొమ్మలు గీసి నా అద్దం నిండా అంటించింది. గరీబ్ నది ఒడ్డున వెళుతుంటాడు. గరీబ్ ఒక తలుపు తడుతుంటాడు. ఎవరూ తీయరు. చివరి బొమ్మలో వీధి మలుపులో గరీబ్ చావు చెప్పే నల్లగుడ్డ కట్టి ఉంటుంది, దాన్ని చదివి ఒక ముసలి తండ్రి పరుగెడతాడు. తండ్రి వేషానికి హైతమ్ వాళ్ల తాతయ్య ఒప్పుకున్నాడు. షూటింగు మా అన్నయ్య వీధిలోనే. పాత ఇళ్లు, చెక్క కిటికీలు, ఆ అందం వేరే చోట లేదని నవార్ పట్టు. అన్నయ్య డీజిల్ కోసం డిపోకు వెళ్లిన పూట చూసి, ఆయన తిరిగొచ్చేలోగా గుడ్డ కట్టడం, తియ్యడం, విప్పడం అయిపోవాలని పథకం.

నల్లగుడ్డ మీద పసుపు, తెలుపు అక్షరాలు రాసేది అబూ జుహైర్. మా పేటలో ఎవరు పోయినా వాళ్ల పేరు ఆయన కుంచె కిందే పోతుంది. నవార్ ఆయనకు ఫోను చేసింది. ఎక్కణ్ణుంచి చేసింది? కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ మా అన్నయ్య జనరేటర్ పక్కన నిలబడి! ఆ రాక్షసి మోగుతుంటే పక్కనున్నవాడి తుమ్ము కూడా వినపడదు. తర్వాత అబూ జుహైర్ తన గడ్డం పట్టుకుని ప్రమాణం చేసి చెప్పిన ప్రకారం, ఆ ఫోనులో జరిగింది ఇదీ.

"ఎవరు తల్లీ పోయింది?"

"గరీబ్!" అని అరిచింది నవార్.

మా వైపు ఇల్లూ వాకిలీ కాని చోట, పరాయి ఊళ్లో కన్నుమూసిన వాణ్ణి కూడా గరీబ్ అనే అంటాం. "అయ్యో, ఎవరి బిడ్డ?" అన్నాడు ఆయన. తండ్రి పేరు లేకుండా ఆయన చావు గుడ్డ రాయడు, రాయలేడు.

"హాజీ శాకిర్ గారబ్బాయి వేస్తున్నాడు ఆ వేషం, వాళ్ల వీధిలోనే తీస్తున్నాం!" అంది నవార్. ఇందులో "హాజీ శాకిర్ గారబ్బాయి", "వాళ్ల వీధిలోనే" అన్నవి ఆయన చెవికి చేరాయి. తక్కినది జనరేటర్ మింగేసింది. సర్మద్ నాసిరియా వెళ్లాడని ఆయనకు తెలుసు. ఆ రోడ్డు మీద జరిగే ప్రమాదాల సంగతీ అందరికీ తెలుసు. చావు గురించి రెండోసారి అడిగే అలవాటు మాకు లేదు. ఆయన ఏడుస్తూ గుడ్డ పరిచాడు.

ఆ గురువారం మధ్యాహ్నం నేను సర్మద్‌ను సెలూన్ కుర్చీలో పడుకోబెట్టి, మొహం పాలిపోయినట్టు కనపడడానికి తెల్లమట్టి పట్టించాను. మెడ చుట్టూ తెల్ల దుప్పటి కప్పాను. నవార్ పక్కనే కూర్చుని వాడికి ఎలా చావాలో చెబుతోంది. హైతమ్ ముందే వెళ్లి వీధి చివర కెమెరా నిలబెట్టాడు. గుడ్డ తెచ్చి కట్టే పని అబూ జుహైర్‌దే, ఆయన ఎప్పుడూ తన చేత్తోనే కడతాడు.

దబదబా తలుపు బాదారు. తీస్తే ఎదురింటి ఉమ్ హిలాల్, నల్ల అబాయా కప్పుకుని, మొహమంతా కన్నీళ్లు. నన్ను వాటేసుకుని శోకం మొదలుపెట్టింది.

"సుహైలా! ఎంత ఘోరం జరిగింది తల్లీ! బంగారం లాంటి పిల్లాడు! ఎవరినీ పల్లెత్తు మాట అనని పిల్లాడు!"

"ఎవరే?" అన్నాను నేను, ఆమె బరువుకు వెనక్కి తూలుతూ.

"తెలియదా నీకు? అయ్యో నా తల్లీ, ఎవరూ చెప్పలేదా? మన సర్మద్!"

ఇంత మంచి ఎవరి గురించి చెబుతున్నారని అనుకున్నాడో ఏమో, కుర్చీలోంచి సర్మద్ తల ఎత్తి, తెల్లటి మొహంతో, తెల్లటి దుప్పటితో, "ఏంటి ఉమ్ హిలాల్ పిన్నీ?" అన్నాడు.

ఉమ్ హిలాల్ అరిచిన అరుపు నది అవతలి ఒడ్డుకు వినపడి ఉంటుంది. ఆమె పడింది, ఆమె కింద నేను పడ్డాను, నవార్ నీళ్లనుకుని గులాబీ అత్తరు సీసా ఆమె మొహం మీద కుమ్మరించింది. కళ్లు తెరిచి ఆమె చెప్పిన ముక్కలు మేం ముగ్గురం పోగేసుకున్నాం. వీధి మలుపులో గుడ్డ కట్టారు. గరీబ్ అని ఉందట. దాని పక్కనే సర్మద్ అని, హాజీ శాకిర్ పెద్దకొడుకని, పోయినవాడి కోసం ఫాతిహా చదివే సభ ఇంటి ముందు మూడు రోజులని కూడా ఉందట.

"నాన్న," అన్నాడు సర్మద్. అంతే. ఆ దుప్పటితోనే పరుగెత్తాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వాడి వెనక పడ్డాను.

మా పేటవాళ్లను మెచ్చుకోవాలి. మేం వెళ్లేసరికే వీధిలో కుర్చీలు వేసేశారు. చేదు కాఫీ కాగుతోంది. పెద్దవాళ్లు వరసగా కూర్చుని అరచేతులు పైకెత్తి ఫాతిహా చదువుతున్నారు. "కుర్రాడు మనిషికి మర్యాద ఇచ్చేవాడు" అని ఒకరు, "దించిన తల ఎత్తేవాడు కాదు" అని ఇంకొకరు. ఆ ఇంకొకడే కిందటి నెల సర్మద్ తన కారు అద్దం పగలగొట్టాడని ఇంటి మీదికొచ్చి గొడవ చేసినవాడు.

వీధి ఆ చివర మా అన్నయ్య కనపడ్డాడు. చేతిలో డీజిల్ డబ్బా. ముందు కుర్చీలు చూశాడు. ఎవరు పోయారా అన్నట్టు, పలకరించడానికి గౌరవంగా మొహం సర్దుకున్నాడు. ఒకాయన లేచి, "అబూ సర్మద్, అల్లా నీకు ఓర్పునివ్వాలి," అన్నాడు. అన్నయ్య తలెత్తి గుడ్డ చూశాడు. చదివాడు. డబ్బా జారిపోయింది. "సర్మూదీ!" అన్నాడు. వాడు చంకనెక్కే వయసులో పిలిచిన పిలుపు అది, మళ్లీ ఆయన నోట నేను వినలేదు. ఇంటివైపు పరుగు తీశాడు. ఒక చెప్పు ఊడిపోయింది, తలగుడ్డ జారి భుజం మీద పడింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, చిన్నపిల్లాడిలా చేతులు చాచుకుని పరుగెత్తాడు.

ఇటునుంచి సర్మద్ అడ్డం వచ్చాడు, తెల్లమట్టి మొహంతో, దుప్పటితో. "నాన్నా, నేనే! బతికే ఉన్నా!"

అన్నయ్య ఆగిపోయాడు. చేయి చాచి ఆ మొహం తడిమాడు. వేలికి మట్టి అంటింది. ఛెళ్లున ఒక్కటి కొట్టాడు. వెంటనే కావలించుకున్నాడు. మళ్లీ వదిలి ఇంకొకటి కొట్టాడు. మళ్లీ కావలించుకున్నాడు. చివరికి ఇద్దరి మొహాలూ తెల్లగా అయ్యాయి. అబూ జుహైర్ దగ్గరికి వచ్చి, "అల్లా దయ! కానీ అక్షరాలు మాత్రం బాగా కుదిరాయి కదా," అన్నాడు. ఆయన్ను చంపకుండా అన్నయ్యను నలుగురు పట్టుకున్నారు. కాఫీ ఎలాగూ కాగింది కాబట్టి జనం కూర్చుని తాగి, తండ్రికి శుభాకాంక్షలు చెప్పి మరీ వెళ్లారు.

నిజం మొత్తం బయటపడింది. వీడియో, వేషం, పాట. అన్నయ్య మొహం కడుక్కుని వచ్చి, పెద్దగా అరవను కూడా అరవలేదు. "నా ప్రాణంతో ఆడుకున్నారు. ఒక పాట కోసం. రేపటినుంచి నువ్వు జనరేటర్ దగ్గర కూర్చో," అన్నాడు. సర్మద్ తల వంచుకుని, "సరే నాన్నా," అన్నాడు. వినకుండానే వద్దన్నాడు అన్నయ్య. పెట్టుకున్న ఒట్టు ఇలా తేలుతుందని వాడూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఆ సాయంత్రం సెలూన్‌లో హైతమ్ భయంభయంగా కెమెరా తెరిచాడు. జనమంతా నవార్ పిలిచినవాళ్లే అనుకుని వాడు ఆపలేదు, మొదటినుంచీ అది నడుస్తూనే ఉందట. అన్నయ్య రావడం, చదవడం, ఆ పరుగు, ఆ పిలుపు, అన్నీ ఉన్నాయి. నవార్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇది... ఇలాంటిది ఎవరూ తియ్యలేరు. హైతమ్ వాళ్ల తాత వంద జన్మలెత్తినా చెయ్యలేడు. మనకే మొదటి స్థానం, రాసుకోండి!"

సర్మద్ దాన్ని ఒకసారి చూశాడు. అన్నిటికీ నవ్వే పిల్లాడు నవ్వలేదు. "తీసెయ్," అన్నాడు.

"పిచ్చా నీకు? ఎల్లుండి ఇచ్చెయ్యాలి! ఇది తీసేస్తే మనకి చివరే లేదు! వీడియో ఫెయిలు!"

"ఫెయిలే అవుదాం. ఆయన ఏడుపు అది. నా పాట కింద వేసుకోవడానికి కాదు." వాడు కెమెరా లాక్కుని, హైతమ్‌ను అడిగి మరీ ఏ మీట నొక్కాలో తెలుసుకుని, చెరిపేశాడు. నవార్ నా కుర్చీలో పడి భోరుమంది. తారకు కావలసిన విషాదమంతా ఆ పూట దర్శకురాలికి వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే అన్నయ్య ఇంటికి వెళ్లి, సలాం కూడా చెప్పకుండా అన్నాను.

"నువ్వు ఏడ్చిందంతా కెమెరాలో పడింది, తెలుసా? దాంతో వాళ్లకు మొదటి స్థానం వచ్చేది. నీ కొడుకు దాన్ని చెరిపేశాడు. మా నాన్న ఏడుపు అమ్ముకోనన్నాడు. ఇప్పుడు పరీక్ష పోయింది, పాట పోయింది, నీ కడుపు చల్లబడిందా?"

అన్నయ్య టీలో చక్కెర కలుపుతూ చాలాసేపు చెంచా తిప్పాడు.

"చెరిపేశాడా?"

"చెరిపేశాడు."

"ఎలా ఉన్నాను అందులో?"

"బ్రహ్మాండంగా ఏడ్చావు."

ఆయన ఇంకాస్త తిప్పాడు. "ఆ ముసలాడు, హైతమ్ తాత, వాడేం పరుగెడతాడు, వాడికి కుడికాలు లేవదు," అని గొణిగాడు. "పిల్లాడు నా వల్ల ఫెయిలయ్యాడని రేపు నువ్వే ఊరంతా చెబుతావు. ఆ బక్కపిల్లను రమ్మను. ఒక్కసారి. పరుగు వరకే. పాట సంగతి మాట్లాడొద్దు."

మధ్యాహ్నానికి మా అన్నయ్య ఇస్త్రీ చేసిన, కాళ్లదాకా ఉండే తెల్ల దిష్‌దాషాలో, మీసానికి రంగేసుకుని, అత్తరు రాసుకుని వీధిలోకి వచ్చాడు. కొడుకు పోయిన తండ్రిలా లేడు, పెళ్లి సంబంధానికి బయల్దేరినవాడిలా ఉన్నాడు. గుడ్డ మీద సర్మద్ పేరున్న చోట అబూ జుహైర్ నల్లరంగు పూసి, గరీబ్ ఒక్కటే మిగిల్చాడు.

"హాజీ బాబాయ్, కెమెరాను చూడకండి," అంది నవార్.

"చూడను," అని ఆయన కెమెరాను చూస్తూనే పరుగెత్తాడు. మళ్లీ తీశారు. ఈసారి దారిలో ఎవరో సలాం చెబితే ఆగి, చేయి గుండెమీద పెట్టుకుని బదులు చెప్పి, మళ్లీ ఏడుపు అందుకున్నాడు. మళ్లీ తీశారు. ఈసారి చెప్పు ఊడాలి కదా అని ముందే విప్పి చేత్తో పట్టుకుని పరుగెత్తాడు. నిన్న ఏడ్చిన కళ్లు ఇవేనా అనిపించింది నాకు. నవార్ జుట్టు పీక్కుంది.

"బాబాయ్, పాటతో కలవాలి! 'తలుపు' అన్న మాట దగ్గర మీరు గుడ్డ చూడాలి. పాట వింటూ కదలండి!"

హైతమ్ చిన్న బ్యాటరీ స్పీకర్ గోడ మీద పెట్టాడు. సర్మద్ జనరేటర్ పక్కన స్టూలు మీద కూర్చుని నేల చూస్తున్నాడు, ఆ రోజు నుంచి వాడి ఉద్యోగం అదే. స్పీకర్ మోగుతోందని వెలుగుతున్న ఎర్రచుక్కను బట్టి తెలిసింది తప్ప, జనరేటర్ హోరులో ముక్క వినపడలేదు.

"ఏ మాట? ఎక్కడ? ఏం వినపడి చస్తుంది?" అని అన్నయ్య విసుక్కున్నాడు. మీసం రంగు చెమటకు కారుతోంది. విసవిసా వెళ్లి జనరేటర్ ఆపేశాడు.

పదిహేనేళ్లలో మా అన్నయ్య ఎండవేళ జనరేటర్ ఆపలేదు. ఒక్కసారిగా వీధి అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా మేనల్లుడి గొంతు లేచింది.

*తట్టి తట్టి నా చెయ్యే అరిగింది, తలుపు అరగలేదు.*
*లోపలున్నావని తెలుసు, నీ దగ్గు వినపడింది.*
*తీయకపోతే పోనీ, పలకవేం?*

"తలుపు" అన్న మాట వచ్చింది, పోయింది. అన్నయ్య గుడ్డను చూడలేదు. పరుగెత్తలేదు. స్పీకర్ వైపు తిరిగి నిలబడ్డాడు. నవార్ ఏదో అనబోతే నేను దాని చేయి గట్టిగా గిల్లాను.

కిటికీలు తెరుచుకున్నాయి. "అబూ సర్మద్! కరెంటు!" అని ఒకడు. "ఉడికిపోతున్నాం హాజీ, చంపుతావా?" అని ఇంకొకడు. ఉమ్ హిలాల్ మేడ మీదనుంచి ఫ్రిజ్‌లో చేప ఉందని కేకలు పెట్టింది.

"నోరు ముయ్యండి!" అని అన్నయ్య వీధి దద్దరిల్లేలా అరిచాడు. "మా వాడి పాట అయ్యేదాకా ఎవడికీ కరెంటు లేదు!"

పాట చివరిదాకా నడిచింది. కిటికీల్లో మనుషులు ఉన్నవాళ్లు ఉన్నట్టే ఉండిపోయారు. అయిపోయాక అన్నయ్య గొంతు సవరించుకుని, సర్మద్ దగ్గరికి వెళ్లి, వ్యాపారం మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"ఎవర్రా ఆ పిల్ల?"

"ఏ పిల్ల నాన్నా?"

"తలుపు తియ్యనిది. ఎవరి కూతురో చెప్పు. మీ అత్తా నేనూ వెళ్లి అడుగుతాం. అంత గొంతు వేసుకుని మనవాడు గుమ్మంలో నిలబడాలా?"

"పిల్ల ఎవరూ లేరు నాన్నా," అన్నాడు సర్మద్, తల ఎత్తకుండానే.

అన్నయ్యకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక ఆ మనిషి ఎటు చూడాలో తెలియక చేతులు చూసుకున్నాడు. చేతులకు డీజిల్ మరక ఉంది, దాన్ని ఇస్త్రీ దిష్‌దాషాకే తుడుచుకున్నాడు.

"అది... గడియ వేసి లేదురా ఎప్పుడూ," అన్నాడు. "నువ్వు తోసి చూడాల్సింది."

"అబద్ధం," అన్నాను నేను. నాకు ఏడుపు వస్తోంది, అయినా వదలదలుచుకోలేదు. "గడియ వేసే ఉంది అన్నయ్యా. నేను సాక్షిని."

"అయితే తీశాను, పో!" అని నా మీద కస్సుమన్నాడు. తర్వాత స్టూలు మీదున్న కొడుకును చెయ్యి పట్టి లేపి, తను అక్కడ కూర్చున్నాడు. "ఆ స్పీకర్ డబ్బాతో కాదు, నోటితో పాడు," అన్నాడు.